పేపర్లో పడాలంటే పైసలక్కర్లేదు!

చేతిలో సరుకుంది. చెప్పుకోవడానికే డబ్బు లేదు. పీఆర్ ఏజెన్సీ గడప తొక్కే స్తోమత లేని చిన్న స్టార్టప్ పత్రికలకెక్కేదెలా? దారి హైదరాబాద్ ప్రెస్‌క్లబ్బులో కాదు, మండల కేంద్రంలో మొదలవుతుంది.

2005 దీపావళి. బెంగళూరులో ఇంజినీరుగా పనిచేస్తున్న నిజామాబాద్ జిల్లా కుర్రాడు ఫణీంద్ర సామ పండక్కి ఇంటికి రావాలనుకున్నారు. ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగినా బస్సు టికెట్ దొరకలేదు. అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు, ఆయన బెంగళూరులోనే ఉండిపోయారు. మరుసటేడు మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ‘రెడ్‌బస్’ పెట్టారు. 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొనేసింది.

రెడ్‌బస్ గురించి ఏ పత్రిక తిరగేసినా ఈ దీపావళి ముచ్చట కనపడుతుంది. నిజానికి ఆ కంపెనీని నిలబెట్టింది టికెట్ కాదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఆపరేటర్ దగ్గర్నుంచి ఎప్పటికప్పుడు తెలుసుకునే సాఫ్ట్‌వేర్, దాన్ని వాడమని ట్రావెల్స్ యజమానుల్ని ఒప్పించడానికి పడ్డ పాట్లు. కానీ పాఠకుడికి గుర్తుండేది దొరకని టికెట్టే. పండగ ముందు రోజు బస్టాండులో కాళ్లు నొప్పులు పుట్టేలా నిలబడని తెలుగువాడు ఎవరున్నారు గనక!

మా పత్రిక ఆదివారం డెస్కుకి స్టార్టప్‌ల నుంచి వచ్చే మెయిళ్లకు లోటు లేదు. వాటిలో చాలావాటిలో కంపెనీ ఉంటుంది, వ్యవస్థాపకుడి డిగ్రీలుంటాయి, కోటు వేసుకుని చేతులు కట్టుకున్న ఫొటో ఉంటుంది. టికెట్ మాత్రం ఉండదు. ఆ కంపెనీ లేకముందు ఎవరికి ఏ ఇబ్బంది ఉండేదో ఒక్క ముక్క ఉండదు. అది రాయడానికి ఏజెన్సీ అక్కర్లేదు, బడ్జెట్ అంతకన్నా అక్కర్లేదు. అయినా డబ్బు లేకే పేపర్లో పడలేదని చాలామంది అనుకుంటారు. అలా అనుకుని అప్పు చేసి మరీ ఏజెన్సీకి నెలనెలా కట్టేవాళ్లూ ఉన్నారు.

జిల్లా పేజీ మన బలం

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టిన ‘ఈనాడు’ 1989లో ప్రధాన పత్రికతోపాటు జిల్లాకో చిన్న పత్రిక ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా తెలుగు పత్రికలూ ఆ బాటే పట్టాయి. మన దేశ భాషా పత్రికల మీద పరిశోధన చేసిన ఆచార్య రాబిన్ జెఫ్రీ ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా చెప్పుకొచ్చారు. కరోనా కాలంలో పలు పత్రికల్లో ఆ చిన్న సైజు పేపర్లు ప్రధాన పత్రికలో పేజీలుగా కలిసిపోయాయి. అయితేనేం, జిల్లాకి రోజూ ఇన్ని పేజీలు నిండాలి, మండలానికో విలేకరి ఉండాలి అన్న పద్ధతి పోలేదు. చిన్న స్టార్టప్‌కి ఇంతకన్నా పెద్ద వరం లేదు. స్టార్టప్‌లవాళ్లలో దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ.

ఎందుకంటే అందరి కళ్లూ హైదరాబాద్ బిజినెస్ పేజీ మీదే. 2015 నవంబరులో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ మొదలైనప్పటి నుంచీ, అందులోనూ 2022 జూన్‌లో రాయదుర్గంలో కొత్త భవనంలోకి మారాక, అక్కడి బిజినెస్ రిపోర్టర్లకు స్టార్టప్ వార్తల కొరత లేదు. ఆ పేజీలో చోటు దొరకాలంటే ఎన్ని కోట్ల పెట్టుబడి వచ్చిందో చెప్పాలి. రాకపోతే ఫోన్ పెట్టేస్తారు. వాళ్లదీ తప్పు కాదు, ఆ పేజీ చదివేవాళ్లకు కావాల్సింది అదే.

మండల విలేకరి లెక్క వేరు. ఆయన్ని కంట్రిబ్యూటర్ అంటారు. నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే ‘లైన్ అకౌంట్’ పెట్రోలు ఖర్చుకే సరిపోదు. ప్రైవేటు స్కూల్లో పాఠాలో, ఎల్ఐసీ ఏజెన్సీయో, ఎరువుల కొట్టో చూసుకుంటూ మధ్యలో వార్తలు రాస్తారు. రోజూ ఆయనకి దొరికేవేమిటి? తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నా, మలుపు దగ్గర బైకు ప్రమాదం, ఎమ్మెల్యే పర్యటన, గుళ్లో అన్నదానం. ఇవి మిగతా పేపర్ల విలేకరులకూ దొరుకుతాయి. అలాంటి మనిషికి ‘మన ఊళ్లో ఇద్దరు పిల్లలు ఒక యంత్రం చేశారు, రండి చూపిస్తారు’ అని కబురందితే బండి తీయకుండా ఉంటారా?

ఆఫీసు మాదాపూర్‌లోనో బెంగళూరులోనో ఉన్నా సరే, మీకంటూ ఒక సొంతూరు ఉంటుంది. ‘మన జిల్లా కుర్రాడు’, ‘మన మండలం ఆడపడుచు’ అన్న మాటకి జిల్లా పేజీలో ఎప్పుడూ గిరాకీయే. ఆఫీసున్న చోట మీరు వందమందిలో ఒకరు, ఊళ్లో ఒకే ఒక్కరు. పైగా డాలస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా పొద్దున్నే ఈ-పేపర్ తెరిచి సొంత జిల్లా పేజీ చూసుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. మొదటి పెట్టుబడి పెట్టే మేనమామ స్నేహితుడు ఆ పేజీలోంచే తగలొచ్చు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. జిల్లా పేజీలో బాగా పండిన వార్తను డెస్కువాళ్లే ‘మెయిన్‌కి పెడతారు’, అంటే రాష్ట్రమంతా వచ్చే పేజీకి ఎక్కిస్తారు. మాలాంటి ఆదివారం డెస్కులు, మహిళా పేజీలవాళ్లు, టీవీలో వ్యవసాయ కార్యక్రమాలు చేసేవాళ్లు కథనాల కోసం రోజూ గాలించేది జిల్లా పేజీల్నే. మెయిల్లో వచ్చిన ప్రెస్‌నోటు కన్నా జిల్లా పేజీలో కనపడ్డ సింగిల్ కాలమ్‌కి మా దగ్గర విలువెక్కువ. అప్పటికే ఒక మనిషి వెళ్లి కళ్లారా చూసి వచ్చాడన్న ధీమా అది.

డబ్బు లేనప్పుడు బుర్ర ఎలా పనిచేస్తుందో అమెరికా నుంచీ ఒక ఉదాహరణ ఉంది. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు 2008లో అప్పుల్లో ఉన్నారు. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. అభ్యర్థుల పేర్లు కలిసొచ్చేలా ‘ఒబామా ఓస్’, ‘క్యాప్టెన్ మెక్‌కెయిన్స్’ అని పేర్లు పెట్టి, అట్టపెట్టెల్లో మామూలు బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ నింపి, పెట్టె 40 డాలర్లకు అమ్మారు. కొన్ని పెట్టెల్ని విలేకరులకు పంపారు. దాంతో టీవీల్లో కనపడ్డారు, ఖర్చులకు 30 వేల డాలర్ల దాకా కళ్లజూశారు. మన దగ్గర నాయకుల బొమ్మలతో ఈ పని చేయమని మాత్రం సలహా ఇవ్వను.

నోటులో ఏముండాలి?

ఒక ప్రెస్‌నోటుని దగ్గరగా చూద్దాం. ఊహకే అనుకోండి: కదిరి దగ్గర ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు బోరు మోటారుకి బిగించే పెట్టె ఒకటి చేశారు. కరెంటు రాగానే రైతుకి ఫోన్ వస్తుంది, ఫోన్‌లోంచే మోటారు వేసుకోవచ్చు. వాళ్లు మాకు ఇలా రాస్తారు:

“గౌరవనీయులైన ఎడిటర్ గారికి, అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానం, కృత్రిమ మేధల మేళవింపుతో వ్యవసాయ రంగంలో విప్లవాత్మక మార్పులు తీసుకురావాలనే దృఢ సంకల్పంతో ఆవిర్భవించిన మా సంస్థ రైతాంగానికి సమగ్ర పరిష్కారాలు అందించే వినూత్న వేదికను ఆవిష్కరించిందని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము.”

సబ్‌ఎడిటర్ ఇందులోంచి ఏం తీసి వార్త రాయాలి? పెట్టె అన్న మాటే లేదు. బోరు లేదు, మోటారు లేదు, ఊరు లేదు, ధర లేదు. ఇదే సంగతిని ఆ కుర్రాళ్లు వాళ్ల అమ్మకి చెప్పినట్టు రాస్తే:

“బోరు దగ్గర త్రీఫేజ్ కరెంటు రాగానే రైతు ఫోన్ మోగుతుంది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పొలానికి పోకుండా మంచం మీద నుంచే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. కదిరి దగ్గర ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు దీన్ని తయారుచేశారు. ధర ఇంత. ఇప్పటిదాకా ఇన్ని బోర్లకు బిగించారు. చెడిపోతే మండలంలోనే బాగుచేస్తారు. ఏడాదిగా వాడుతున్న రైతు ఫలానా, ఆయనతో మాట్లాడాలంటే నంబరు ఇదీ.”

ఇది అచ్చుకి సగం తయారైనట్టే. ‘ఇంత’, ‘ఇన్ని’ అన్నచోట నిజమైన అంకెలుండాలి. పన్నెండు బోర్లయితే పన్నెండనే రాయండి. జిల్లా పేజీకి పన్నెండు చిన్న అంకె కాదు. నూటికి నూరుపాళ్లు ఫలితం, దేశంలోనే మొట్టమొదటిసారి, ప్రపంచస్థాయి అన్న మాటలు కనపడగానే డెస్కుకి అనుమానం మొదలవుతుంది. ‘మొబైల్ స్టార్టర్లు మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయిగా, మీదాంట్లో కొత్తేంటి?’ అని విలేకరి తప్పకుండా అడుగుతారు. నొచ్చుకోవద్దు. జవాబు ముందే నోటులో ఉంటే మరీ మంచిది. కొత్తదనమంతా యంత్రంలోనే ఉండక్కర్లేదు. చెడిపోతే అనంతపురం దాకా మోసుకుపోనక్కర్లేదన్నది కూడా రైతుకి కొత్తే.

రెండో నోటు చివర్లో వాడేవాళ్ల ఫోన్ నంబరు ఉంది కదా, అన్నిటికన్నా బరువైన వాక్యం అదే. వాళ్లకు చెప్పి, సరేనన్నాకే ఇవ్వాలి. కంపెనీ యజమాని తన సరుకు గురించి చెప్పేది ప్రకటన కిందే లెక్క. వాడినాయన చెబితేనే వార్త.

తిండి, ఆరోగ్యం మీద పనిచేసే స్టార్టప్‌లకు ఇంకో హెచ్చరిక. ‘మా చిరుధాన్యాల పిండి తింటే షుగర్ మాయం’ అని రాసి పంపకండి. మధుమేహం సహా పలు జబ్బుల్ని నయం చేస్తామంటూ మందుల ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం నిషేధించింది. ఆహార పదార్థాల మీద అలాంటి గొప్పలకు ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలూ అడ్డొస్తాయి. తెలిసిన డెస్కయితే ఆ వాక్యంతోపాటు మీ నోటునే పక్కన పడేస్తుంది. తెలియని డెస్కు వేస్తే ఇబ్బంది మీకే.

ఇక రాసి పంపే తీరు. తెలుగులో యూనికోడ్‌లో టైపు చేసి మెయిల్ బాడీలోనే పెట్టండి. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా పంపితే మీకు హుందాగా అనిపిస్తుంది. ఇక్కడ ఒక మనిషి దాన్ని మళ్లీ మొదట్నుంచీ కొట్టుకోవాలి. రాత్రి పేజీ మూసే వేళ ఆ ఓపిక ఎవరికీ ఉండదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టి పంపితే కొన్ని కంప్యూటర్లలో అక్షరాలు పిచ్చి గీతలవుతాయి. ఇంగ్లిష్ నోటుని యాప్‌తో తెలుగు చేయించి పంపేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అది చదవడం కన్నా ఇంగ్లిష్‌లోనే పంపితే నయం.

ఫొటో విషయంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. వాట్సప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోతుంది, అచ్చులో మసకగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. శాలువా, బొకే, ఫ్లెక్సీ ఉన్న ఫొటోలు ఆదివారం పేజీకి ఎందుకూ పనికిరావు. మోటారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని వైరు బిగిస్తున్న కుర్రాడు, పక్కనే ఫోన్ చూస్తున్న రైతు, ఇద్దరి ముఖాల మీదా పొద్దుటి వెలుతురు: ఇలాంటిదొకటి చాలు. నలుగురున్న ఫొటో అయితే ఎడమ నుంచి కుడికి పేర్లు రాయాలి. సొంత ఫోనుతో కుదరకపోతే ఊళ్లో పెళ్లిళ్లకు తీసే ఫొటోగ్రాఫర్‌ని ఒక పూట పిలిపించుకోండి. ఈ మొత్తం పనిలో నిజంగా డబ్బు పెట్టదగ్గది అదొక్కటే అని నా అభిప్రాయం.

సాయంత్రం అయిదు దాటాక ఫోన్ వద్దు

విలేకరి రోజు పొద్దున పోటీ పేపర్లు చూసుకోవడంతో మొదలవుతుంది. పక్క పేపర్లో వచ్చి తమదాంట్లో రానిదాన్ని ‘మిస్సింగ్’ అంటారు. దానికి పైనుంచి అక్షింతలు పడతాయి. పదకొండు గంటలకు కాస్త తీరిక. సాయంత్రం నుంచి వార్తలు కొట్టి పంపే హడావుడి. ఆ వేళలో ‘సార్, మా స్టార్టప్ గురించి అయిదు నిమిషాలు’ అంటే మర్యాదగా మాట్లాడేవాళ్లు అరుదు.

ఆదివారం ప్రభుత్వ కార్యాలయాలుండవు కాబట్టి సోమవారం పేపరుకి వార్తలు తక్కువ. మీలాంటివాళ్లకు ఆ రోజు అనువు. అసెంబ్లీ నడుస్తున్నప్పుడు, బడ్జెట్ నాడు, ఎన్నికలు దగ్గరపడ్డాక ఎంత మంచి కథయినా మూలకి పోతుంది. ఆదివారం సంచికల సంగతి వేరు. మా పేజీలు చాలా ముందే సిద్ధమైపోతాయి. వినాయక చవితికి మట్టి విగ్రహాల కథ ఇవ్వాలనుకుని పండగకి మూడు రోజుల ముందు ఫోన్ చేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది. మార్చి 8కి మహిళా వ్యాపారవేత్తలు, ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి నేతగాళ్లు, ఏరువాకకి విత్తనాలు, ఎండాకాలం మొదట్లో ఆవకాయ, ధనుర్మాసంలో అరిసెలు. ఈ వరస ఏటా ఉండేదే, డెస్కులు వీటి కోసం వెతుక్కునేదే. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు జొన్న, కొర్ర, సామ అని వచ్చిన ప్రతి చిన్న సంస్థకీ ఎక్కడో ఒకచోట చోటు దొరికింది. నెల ముందే రాయండి.

కొత్త యంత్రం విడుదల లాంటి వార్తయితే అన్ని పేపర్ల విలేకరులకూ ఒకేసారి చెప్పాలి. ఒక్కరికే చెబితే మిగతావాళ్లకు మిస్సింగవుతుంది, వాళ్లు మీ ముఖం మళ్లీ చూడరు. అదే మీ జీవితకథ, అంటే ఫీచర్ అయితే, ఒక్కరికే ఇవ్వాలి. ఒకే ఫీచర్ రెండు పత్రికల ఆదివారం సంచికల్లో వచ్చిందంటే ఆ రెండు డెస్కులూ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాయి, మంచి కారణంతో కాదు.

ప్రెస్‌మీట్ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. హాలు అద్దె, వెనక ఫ్లెక్సీ, టిఫిన్లు, మైకు కలిపి చిన్న కంపెనీకి నెల ఖర్చు. తీరా ఆ రోజు ఏ మంత్రి పర్యటనో పడితే ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం. చేత్తో తాకి చూడదగ్గ వస్తువుంటే విలేకరిని పొలానికో షెడ్డుకో పిలవండి. లేకపోతే ఫోను చాలు.

మీ మాట ఇంకొకరు చెబితే

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేత కార్మికుడు ఏళ్ల తరబడి ఒక యంత్రం కోసం తంటాలు పడ్డారు. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు దారాన్ని ఆసు పోయాలి. చెయ్యి అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. అమ్మ లక్ష్మికి భుజం నొప్పి. 1999లో యంత్రం కుదిరింది, దానికి అమ్మ పేరే పెట్టారు. ఇది కూడా ఒక్క ముక్కలో చెప్పగల కథే. కానీ ఆయన కథని బయటికి తెచ్చింది ఏ ఏజెన్సీ కాదు. ఊళ్లలో ఆవిష్కర్తల్ని వెతికే ‘పల్లెసృజన’, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఆయన మాటకి తమ మాట తోడిచ్చాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద ప్రియదర్శి హీరోగా సినిమా వచ్చింది.

ఇలాంటి గుర్తింపు కోసం పంపే దరఖాస్తుకి పెద్దగా ఖర్చుండదు, ఓపిక ఉండాలి. తెలంగాణలో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో ఆగస్టు 15న జిల్లాల్లో ఆవిష్కరణల ప్రదర్శన మొదలుపెట్టింది. పంద్రాగస్టు నాడు కలెక్టర్ ఉన్నచోట జిల్లాలోని విలేకరులందరూ ఉంటారు. అంతమందిని మీరు పిలిస్తే వస్తారా? అవార్డులదీ ఇదే తీరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘ఖేతీ’ అనే స్టార్టప్ చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ తయారుచేసింది. 2022లో దానికి బ్రిటన్ యువరాజు విలియం నెలకొల్పిన ఎర్త్‌షాట్ బహుమతి దక్కింది. పది లక్షల పౌండ్ల బహుమతి సరే, ఆ ఒక్క రోజులో ప్రపంచమంతా వచ్చిన పేరుని డబ్బు పెట్టి కొనాలంటే ఎవరి తరమవుతుంది?

అవార్డుల పేరుతో ఓ మోసం కూడా నడుస్తోంది. ‘మిమ్మల్ని ఈ ఏటి మేటి పారిశ్రామికవేత్తగా ఎంపిక చేశాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి హోటల్లో అవార్డు అందుకోండి’ అని మెయిల్ వస్తుంది. డబ్బు కట్టించుకుని ఇచ్చేది అవార్డు కాదు, రసీదు. ‘రెండొందల వెబ్‌సైట్లలో మీ వార్త వేయిస్తాం’ అనే ప్యాకేజీలదీ అదే దారి. వేయించుకున్నవాళ్లు తప్ప వాటిని చదివేవాళ్లుండరు.

‘యాడ్ ఇస్తారా?’

చాలామంది బయటికి అడగలేక మింగే ప్రశ్న ఇది. విలేకరి వస్తారు, అంతా చూస్తారు, రాసుకుంటారు, లేచేముందు ‘అన్నా, పండక్కి మా పేపర్‌కి చిన్న యాడ్ ఏమైనా...’ అంటారు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. కంట్రిబ్యూటర్లకు యాడ్ల టార్గెట్ పెట్టే యాజమాన్యాలున్నాయి, ఆ ఒత్తిడి ఆయనది. ‘వార్త వేరు, యాడ్ వేరు. వార్త బాగుంటే వేయండి, లేకపోతే లేదు. యాడ్ ఇచ్చే రోజు వస్తే బిల్లు తీసుకుని ఇస్తాను’ అని నవ్వుతూనే చెప్పండి. ఒకరు కాదంటే ఇంకో పేపర్ విలేకరి అదే మండలంలో ఉంటారు. కవర్‌లో అయిదువందలు పెట్టి ఇచ్చే అలవాటు మాత్రం మొదలుపెట్టకండి. టీ తాగించండి, భోజనం వేళయితే అన్నం పెట్టండి. మన ఊళ్లలో దాన్నెవరూ లంచమనరు.

డబ్బు పుచ్చుకుని వార్తలు వేయడం మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక ఇచ్చింది. అందులో ఉన్న ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి, ఇంకొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. ఆ నివేదిక ప్రధానంగా ఎన్నికల వార్తల గురించే అయినా, కంపెనీల్లో వాటా తీసుకుని ప్రచారమిచ్చే ‘ప్రైవేట్ ట్రీటీస్’ వ్యవహారాన్నీ ఎత్తిచూపింది. ప్రకటనను వార్తలా వేయకూడదన్నది ప్రెస్ కౌన్సిల్ నియమం. యూట్యూబ్ ఇంటర్వ్యూకి ఇంత, రీల్‌కి ఇంత అని రేటు చెప్పేవాళ్లకీ ఇది వర్తించాల్సిందే. డబ్బు తీసుకుని చెబితే అది ప్రకటన అని చూపించాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే మార్గదర్శకాలిచ్చింది. డబ్బిచ్చి చేయించుకునే వీడియోల్లో తప్పేమీ లేదు. అది వార్త అని మీ కస్టమర్‌కి చెప్పినప్పుడే తప్పు.

పేరొచ్చాక సరుకేదీ?

పత్రికల్లో రాకపోవడం కన్నా ప్రమాదకరమైంది ఒకటుంది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన నారాయణ పీసపాటి హైదరాబాద్‌లో తినగలిగే చెంచాలు తయారుచేశారు. వరి సాగుతో భూగర్భ జలాలు అడుగంటిపోవడం చూసి, జొన్నకి గిరాకీ పెంచాలన్న ఆలోచన దాని వెనక ఉంది. తిన్నాక చెంచా కూడా తినేయొచ్చు, ప్లాస్టిక్ బాధ ఉండదు. కంపెనీ పేరు బేకీస్. కొన్నేళ్లు నెమ్మదిగా నడిచింది. 2016లో ‘ది బెటర్ ఇండియా’ వెబ్‌సైట్ తీసిన చిన్న వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. వెనువెంటనే ఆన్‌లైన్‌లో జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌లో 20 వేల డాలర్లు అడిగితే రెండున్నర లక్షలు దాటి వచ్చాయి.

ఆ తర్వాతి కథ ఎవరూ అంత ఉత్సాహంగా రాయలేదు. ఆర్డర్లు పెరిగిన వేగాన్ని తయారీ అందుకోలేకపోయింది. డబ్బు కట్టినవాళ్లలో చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆలోచన గొప్పదే, మనిషి చిత్తశుద్ధి మీదా ఎవరికీ అనుమానం లేదు. కొద్దికొద్దిగా చేసే చోటికి ఒక్కసారిగా ఆర్డర్లు వచ్చిపడితే ఏ చిన్న షెడ్డయినా కుంగిపోతుంది.

అందుకే రాష్ట్ర పేజీలో కథ రాబోతోందని తెలిసిన రోజునే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. అచ్చయిన రోజు పొద్దున ఆరింటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. మీ దగ్గరున్న సరుకెంత, కొత్తది ఎన్ని రోజులకొస్తుంది అన్నది విలేకరికి ముందే చెప్పి అచ్చులో వచ్చేలా చూసుకోవాలి. ‘ప్రస్తుతం రాయలసీమ జిల్లాల్లోనే దొరుకుతుంది’ అన్న ఒక్క వాక్యం శ్రీకాకుళం నుంచి వచ్చే వంద తిట్లను ఆపుతుంది. ఈ కారణంగా కూడా జిల్లా పేజీతో మొదలుపెట్టడమే మేలంటాను. తప్పులు చిన్న చోట బయటపడతాయి, దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

అచ్చయిన వార్తతో అమ్మకాలు ఒక్కసారిగా పెరుగుతాయని కూడా ఆశపడొద్దు. రెండు మూడు రోజులు ఫోన్లు వస్తాయి, తర్వాత సద్దుమణుగుతుంది. అసలు లాభం వేరే చోట. లోను అడగడానికి వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజర్ బల్ల మీద ఆ క్లిప్పింగ్ ఉంటుంది. మీ పేరు ఎన్నడూ వినని డీలరు గూగుల్‌లో వెతికితే ఏదో ఒకటి కనపడుతుంది. జీతం సరిగ్గా ఇస్తారో లేదో అని జంకుతున్న మొదటి ఉద్యోగి చేరతాడు. సంబంధాలు చూసే ఇంట్లో ‘అబ్బాయి ఏం చేస్తాడు?’ అన్న ప్రశ్నకి ‘స్టార్టప్’ అని చెప్పలేక నలిగిపోతున్న తల్లిదండ్రులు ఆ పేజీని లామినేషన్ చేయించి పెట్టుకుంటారు. నవ్వులాటకి చెప్పడం లేదు, మన దగ్గర ఆ లామినేషన్‌కి చాలా పరపతి ఉంది.

వార్త వేసిన విలేకరికి మర్నాడు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పేవాళ్లు ఎంత తక్కువో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అందులో ఏదైనా తప్పు పడితే అరవకుండా చెప్పండి. ఆర్నెల్ల తర్వాత పన్నెండు బోర్లు వందయితే ఆయనకే ముందు చెప్పండి. రెండో వార్త మొదటిదానికన్నా తేలిగ్గా వస్తుంది.

మీ మండల విలేకరి ఎవరో తెలియదా? పొద్దున పేపర్ వేసే ఏజెంటుని అడగండి, ఆయనకి తెలియకుండా ఉండదు. కొన్ని ఊళ్లలో ఇద్దరూ ఒక్కరే. నంబరు తీసుకుని రేపు పదకొండు గంటలకు ఫోన్ చేయండి. ఎవరికి ఏ ఇబ్బంది ఉండేది, మీరొచ్చాక ఏం మారింది అన్నది రెండు వాక్యాల్లో చెప్పి, ఎప్పుడొస్తారో అడగండి.